కాలింది ఒంటి మీద, రక్తం పోయింది పేగుల్లోంచి

గ్యాస్ లీకై మంట ఎగసిన ఆ రోజు గురించి ఎక్కువ చెప్పను. అదంతా క్షణాల్లో అయిపోయింది. ఛాతీ, పొట్ట, రెండు చేతులు, మెడ కింది భాగం కాలాయి. మొహం పక్కకు తిప్పుకున్నానో, అదృష్టమో గానీ కళ్లు దక్కాయి. ఆసుపత్రిలో డాక్టర్లు తొమ్మిదుల లెక్క కట్టారు. ఒక్కో చేతికి 9 శాతం, ఒంటి ముందు భాగానికి 18 శాతం. అలా కూడుకుంటూ పోతే నాది 38 శాతం దాకా తేలింది. అందులో సగానికి పైగా లోతు గాయాలే. అవి వాటంతట అవి మానేవి కావు, చర్మం తీసి అతకాల్సిందే అన్నారు.

మొదటి 24 గంటలూ సెలైన్లతోనే సరిపోయింది. మనిషి బరువుని కాలిన శాతంతో, ఆ వచ్చినదాన్ని 4తో గుణిస్తే మొదటి రోజు ఎన్ని మిల్లీలీటర్ల ద్రవం ఎక్కించాలో వస్తుందట. అప్పుడు నా బరువు 70 కిలోలు. గుణించి చూస్తే పదిన్నర లీటర్లు దాటుతుంది. అందులో సగం, కాలినప్పటి నుంచి 8 గంటల్లోపే ఒంట్లోకి పోవాలి. మర్నాటికి నేను ఎంత ఉబ్బిపోయానంటే మా అక్క బెడ్ నంబరు చూసి గానీ నన్ను గుర్తుపట్టలేదట.

ఆ మొదటి రోజే నాకు రెండు పనులు చేశారు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పాల లాంటి ఫీడ్ మొదలుపెట్టారు. పూటకోసారి పాంటప్రజోల్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాలింది ఒళ్లయితే కడుపుకి మందెందుకని అక్క అడిగింది. ఒళ్లు బాగా కాలినవాళ్లకు చిన్నపేగు మొదట్లో పుండ్లు పడి రక్తం కారుతుందని 1842లోనే కర్లింగ్ అనే ఇంగ్లండ్ సర్జన్ రాసిపెట్టాడని, ఇప్పటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారని అక్కడి పీజీ డాక్టర్ చెప్పాడు. "ఇప్పుడు తొందరగా ఫీడ్ మొదలుపెడుతున్నాం, యాసిడ్ తగ్గించే మందులున్నాయి, అందుకే అంతగా కనిపించడం లేదమ్మా" అన్నాడు. ఆ మాటతో మా అక్కకు ధైర్యం వచ్చింది. పేగుల విషయం అక్కడితో తేలిపోయిందని మేమంతా అనుకున్నాం.

ఇక డ్రెస్సింగుల సంగతి. వాటి గురించి చాలామంది చెప్పే ఉంటారు కాబట్టి కొంచెమే చెబుతాను. మత్తు ఇచ్చినా సరే, పాత గాజుగుడ్డ ఊడదీసేటప్పుడు నొప్పి తెలిసేది. చచ్చిన చర్మం కోసి తీసేసి, తొడల మీంచి పలచటి చర్మం తీసి ఛాతీకి, చేతులకు అతికారు. విచిత్రం ఏమిటంటే, అతికిన చోటు కన్నా తీసిన చోటే ఎక్కువ మండేది. ఒక్కో ఆపరేషన్‌కి రక్తం బాగానే పోయేది, మళ్లీ ఎక్కించేవారు. మొదటి రెండు ఆపరేషన్లూ బాగానే జరిగాయి. ఎడమ చెయ్యి, పొట్ట పక్కభాగం మిగిలాయి.

జ్వరం అంటారా, బర్న్స్ వార్డులో జ్వరం లేనివాడు ఎవడు? ఒళ్లు ఆ స్థాయిలో కాలితే ఇన్‌ఫెక్షన్ లేకపోయినా వేడి 38, 38.5 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. ఒళ్లు లోపల ఇంధనం తగలబెట్టుకుంటూ పోతుంది. కాబట్టి జ్వరం వచ్చినప్పుడు అది మామూలుదో, సూక్ష్మజీవి వల్ల వచ్చిందో తేల్చుకోవడం డాక్టర్లకు కూడా పరీక్షే. నాకు జ్వరం 39 దాటినప్పుడల్లా గాయం మీంచి, రక్తం నుంచి, మూత్రం నుంచి నమూనాలు తీసి, సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపేవారు. యాంటీబయాటిక్ మార్చేవారు. ఒకసారి గాయంలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా దొరికింది, దానికి మందిచ్చారు, తగ్గింది. నెల కావస్తుండగా మళ్లీ జ్వరం మొదలైంది. ఈసారి కల్చర్లన్నీ శుభ్రంగా వచ్చాయి. జ్వరం మాత్రం దిగలేదు.

అదే సమయంలో విరేచనాలు పట్టుకున్నాయి. దీనికి కూడా కారణాలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్ని యాంటీబయాటిక్స్ వాడితే పేగులు పాడవకుండా ఉంటాయా అన్నారు. గొట్టం ఫీడ్ పడటం లేదేమో అని దాన్ని మార్చారు. యాంటీబయాటిక్స్ వాడాక పేగుల్లో చేరే క్లాస్ట్రిడియం బ్యాక్టీరియా కోసం మలపరీక్ష చేశారు, అది నెగెటివ్. విరేచనాలు అనగానే చదివేవాళ్లకు పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు. రెండు తొడల మీదా చర్మం తీసిన పచ్చి పుండ్లున్న మనిషికి, పొట్ట మీద అతికిన చర్మం ఇంకా పట్టీపట్టని మనిషికి, రోజుకు ఎన్నోసార్లు పక్క మీదే విరేచనం అయిపోతుంటే ఏమవుతుందో ఆలోచించండి. ప్రతిసారీ కట్టు తడిసేది. ప్రతిసారీ ఇద్దరు పట్టుకుని ఒక పక్కకు తిప్పాలి, తుడవాలి, కట్టు విప్పి మళ్లీ కట్టాలి. నాకు సిగ్గు పోయి చాలా రోజులైంది. ఆ తిప్పడానికే భయపడేవాణ్ణి.

అక్క దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. జ్వరం ఎంత, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు, ఏ ఫీడ్ ఎంత పోయింది, మోషన్ ఎన్నిసార్లు, ఏ రంగు. ఆమె లెక్కల టీచరు, గళ్లు గీయకుండా ఏదీ రాయదు. నర్సులు తమ చార్టు తాము రాసుకునేవారు గానీ, అందులో రంగు గడి ఉండేది కాదు. ఒకరోజు తెల్లవారుజామున కట్టు మారుస్తుంటే అక్క ఆగిపోయింది.

"ఒరేయ్, ఇదేంట్రా ఇంత నల్లగా ఉంది?"

తారులా నల్లగా, జిగటగా ఉంది. వాసన కూడా వేరు. రక్తం పేగుల్లో అరిగి బయటికి వస్తే వచ్చే వాసన అది, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. నైట్ డ్యూటీ సిస్టర్ చూడగానే ఏం మాట్లాడకుండా వెళ్లి డాక్టర్‌ని లేపుకొచ్చింది. అప్పటికే నా గుండె నిమిషానికి 130 కొట్టుకుంటోంది. కాలినవాళ్లకు గుండె ఎప్పుడూ వేగంగానే కొట్టుకుంటుంది కాబట్టి అది ఎవరికీ కొత్తగా అనిపించలేదు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.4 నుంచి 6.8కి పడిపోయింది. 

అందరి నోటా ఒకటే మాట, కర్లింగ్ అల్సర్. నూట ఎనభై ఏళ్ల కిందటి ఆ సర్జన్ గారి పేరు మళ్లీ వినబడింది. రక్తం ఎక్కించారు, పాంటప్రజోల్ డ్రిప్‌లో పెట్టారు, నోట్లోంచి ఎండోస్కోపీ చేశారు. కడుపు లోపలి పొర కాస్త ఎర్రగా కంది ఉందట, అంతే. పుండు లేదు. కారుతున్న రక్తం లేదు. చిన్నపేగు మొదటి భాగం శుభ్రంగా ఉంది. ఇది మంచి వార్త అని నేను సంతోషపడ్డాను. అక్క సంతోషపడలేదు. "మరి రక్తం ఎక్కణ్ణించి వస్తోంది?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

రెండు రోజులు ఆగినట్టే ఆగి మళ్లీ మొదలైంది. ఈసారి నలుపు కాదు, ముదురు ఎరుపు, గడ్డలు గడ్డలుగా. కళ్లు తిరిగాయి. పైన లైటు మసకబారింది. బీపీ పడిపోయింది. ఎవరో కాళ్లు ఎత్తి పట్టుకున్నారు, ఎవరో రక్తం బ్యాగు చేత్తో నొక్కుతున్నారు. మంటల్లో ఉన్నప్పుడు చచ్చిపోతానని నాకు తట్టలేదు, అంత టైము లేదు. ఆ రోజు మాత్రం తట్టింది.

అప్పుడు వచ్చారు గ్యాస్ట్రో డాక్టర్ గారు. నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. ముందు నన్ను చూడలేదు, అక్క నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. పేజీలు వెనక్కి తిప్పుతూ పోయారు.

"జ్వరం, విరేచనాలు ఒకేసారి మొదలయ్యాయి. నల్లటి మోషన్ వారం తర్వాత వచ్చింది. కల్చర్లలో ఏమీ లేదు. అంతేనా అమ్మా?"

"అంతేనండీ."

"సరే, కింది నుంచి చూద్దాం."

కొలనోస్కోపీకి ముందు పేగులు కడగాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఆ లీటర్ల కొద్దీ ద్రవం తాగలేక తిట్టుకుంటారు. నాకు ముక్కు గొట్టంలోంచి పోశారు. తర్వాత గంటల పాటు ఏం జరిగిందో, నా తొడల కట్లు ఏమయ్యాయో రాయను. ఆ రాత్రి నన్ను తిప్పిన ఇద్దరు వార్డ్‌బాయ్‌లు విసుక్కోలేదు, అది మాత్రం రాస్తాను.

పెద్దపేగు కుడివైపు, చిన్నపేగు వచ్చి కలిసే చోట, పంచ్ కొట్టి తీసినట్టు అంచులు తీరిన పుండ్లు కనిపించాయి. చుట్టూ ఉన్న పొర ఫర్వాలేదు, పుండ్లు మాత్రం లోతు. ఒకదాని అడుగున రక్తనాళం తేలి ఊరుతోంది. అక్కడ అడ్రినలిన్ ఇంజెక్ట్ చేసి, చిన్న లోహపు క్లిప్పు వేసి నొక్కేశారు. ఆ క్లిప్పు తర్వాత దానంతట అదే ఊడి బయటికి పోతుందట. పుండ్ల నుంచి ముక్కలు తీసి బయాప్సీకి పంపారు. ముక్కలు అంచు నుంచే కాదు, పుండు అడుగు నుంచి కూడా తీశామని ఆవిడ ప్రత్యేకంగా చెప్పారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

"ఇవి యాసిడ్ పుండ్లు కావు. యాసిడ్ ఇంత దూరం రాదు" అన్నారు అక్కతో. "నాకు ఒక వైరస్ మీద అనుమానంగా ఉంది. బయాప్సీ వచ్చాక మాట్లాడుకుందాం. ఈలోపు రక్తంలో కూడా చూద్దాం."

బర్న్స్ వార్డులో వైరస్ అనే మాట వినడం అదే మొదటిసారి. అక్కడ అందరి భయం బ్యాక్టీరియా, ఫంగస్. గోడల మీద రాసి ఉన్నది కూడా వాటి గురించే.

బయాప్సీలో సైటోమెగలోవైరస్ తేలింది. డాక్టర్లు సీఎంవీ అంటారు. ఆటలమ్మ తెచ్చే వైరస్‌కు, పెదవుల మీద జ్వరపు పొక్కులు తెచ్చే వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం, అన్నీ హెర్పిస్ కుటుంబమే. ఇది సోకిన కణం మామూలు కన్నా ఎంతో పెద్దదవుతుంది. దాని మధ్యలో ముదురు రంగు మచ్చ, చుట్టూ తెల్లటి వలయం. పాథాలజీ వాళ్లు దాన్ని గుడ్లగూబ కన్ను అంటారట. ప్రత్యేకమైన రంగు పరీక్షతో అది సీఎంవీయే అని ఖాయం చేశారు. ఈ వైరస్ ఎక్కువగా రక్తనాళాల లోపలి గోడ కణాల్లో చేరుతుంది కాబట్టి పుండు అడుగున దొరుకుతుంది. అందుకే ముక్క అక్కడి నుంచి తీయాలి. నాళం వాచి మూసుకుపోతే దాని మీది పేగు పొరకు రక్తం అందదు, ఆ పొర చచ్చి ఊడిపోతుంది, పుండు పడుతుంది. పుండు లోతుకు దిగి ఇంకో నాళాన్ని తాకితే రక్తం కారుతుంది. నాకు జరిగింది ఇదే.

ఈ వైరస్ ఎక్కణ్ణించి వచ్చింది అన్నదే మా ఇంట్లో పెద్ద చర్చ. మా బావగారు ఆసుపత్రినే అనుమానించారు. ఎక్కించిన రక్తంలోంచి వచ్చిందేమో అన్నారు. డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. రక్తం ద్వారా రావడం అసాధ్యం కాదు, తెల్లకణాలు వడగట్టిన రక్తం వాడితే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. వేరే వాళ్ల చర్మం అతికితే దాని ద్వారా కూడా రావచ్చు, నాకైతే నా చర్మమే అతికారు. అయితే పెద్దవాళ్లలో చాలామందికి ఇది చిన్నప్పుడే లాలాజలం ద్వారానో, తల్లిపాల ద్వారానో సోకి ఉంటుంది. మామూలు జలుబు జ్వరంలా వచ్చి పోతుంది, లేదా అసలు తెలియనే తెలియదు. తర్వాత జీవితమంతా ఒంట్లోనే అణిగి ఉంటుంది. రోగనిరోధక శక్తి దాన్ని లేవనివ్వదు. నా ఐజీజీ (యాంటీబాడీ) పరీక్ష పాజిటివ్ వచ్చింది. అంటే పాత ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టే. అది పాజిటివ్ అని కాగితంలో చూసి మా బావగారు గాభరా పడ్డారు గానీ, పరీక్ష చేయిస్తే ఆయనకూ చాలామటుకు అదే వస్తుందని డాక్టర్ గారు నవ్వారు.

కాలిన గాయం దీన్ని ఎలా లేపిందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఒంట్లో మూడో వంతుకు పైగా కాలితే దెబ్బ చర్మానికే ఆగదు. మొదట ఒళ్లంతా వాపుతో భగ్గుమంటుంది, ఆ వెనకే రోగనిరోధక శక్తి చతికిలబడుతుంది. వైరస్‌లు లేవకుండా కాపలా కాసే టీ కణాలు మందగిస్తాయి. పైగా ఆపరేషన్లు, ఎక్కించిన రక్తం, ఇన్‌ఫెక్షన్లు, కండ కరిగిపోవడం. అవయవమార్పిడి చేయించుకున్నవాళ్లలో, హెచ్‌ఐవీ ముదిరినవాళ్లలో ఈ వైరస్ లేస్తుందని డాక్టర్లందరికీ తెలుసు, వాళ్లకు ముందుగానే పరీక్షలు చేస్తారు. ఐసీయూలో సెప్సిస్‌తో, కాలిన గాయాలతో ఉన్నవాళ్లలో కూడా లేస్తుంది. కాకపోతే వాళ్లలో చాలామందికి రక్తంలో కాస్త కనబడి ఊరుకుంటుంది, జబ్బు చేయదు. నాలా పేగుల్లో పుండ్లు పడి రక్తం పోయే దాకా వెళ్లేది కొద్దిమందికే. ఆ కొద్దిమందిలో మనం ఉన్నామంటే పెద్ద గొప్పేం కాదు లెండి.

ఇంకో సంగతి కూడా తెలిసింది. రక్తంలో నా వైరస్ లెక్క చాలా తక్కువగా వచ్చింది. పేగుల్లో ఇంత గొడవ జరుగుతున్నా రక్తంలో అసలు కనిపించకుండా కూడా ఉండొచ్చట. రక్తపరీక్ష ఒక్కటే చేసి ఊరుకుంటే నా జబ్బు ఎవరి కళ్లా పడకపోయేదేమో.

మందు పేరు గాన్‌సైక్లోవిర్. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకోసారి, గంటసేపు నెమ్మదిగా ఎక్కించాలి. నా బరువు అప్పటికి 58కి దిగింది, కాబట్టి ఒక్కో డోసు 290 మిల్లీగ్రాములు. మూత్రపిండాలు సరిగ్గా పనిచేయకపోతే డోసు తగ్గించాలి కాబట్టి క్రియాటినిన్ తరచూ చూసేవారు. ఈ మందు కలిపేటప్పుడు సిస్టర్లు గ్లవుజులు, కళ్లద్దాలు పెట్టుకునేవారు. గర్భిణులు దీన్ని ముట్టుకోకూడదు. మా చెల్లెలు అప్పుడు ఐదో నెల. మందు సంగతి అటుంచి, గర్భం సమయంలో సీఎంవీ మొదటిసారి సోకితే బిడ్డకు వినికిడి పోయే ప్రమాదం ఉంటుందని విని అది వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గాజు తలుపు అవతల నిలబడి ఫోన్లో మాట్లాడేది. "అన్నయ్యా, నీ మొహం బాగానే ఉందిరా" అని రోజూ అదే మాట. 

మందు మొదలుపెట్టగానే రక్తం ఆగిపోతుందని నేను అనుకున్నాను. ఆగలేదు. వారం పాటు కొంచెం కొంచెంగా కనిపిస్తూనే ఉంది. వైరస్ పెరగడాన్ని మందు ఆపుతుంది గానీ, పడిన పుండు మానడం ఒళ్లు చేయాల్సిన పని. ఆ ఒళ్లు అప్పటికే 38 శాతం చర్మం పునర్నిర్మాణంలో ఉంది. ఉన్న ప్రోటీన్ అంతా ఎక్కడికని పోతుంది? డైటీషియన్ వచ్చి ఫీడ్ లెక్క మళ్లీ వేసింది. పేగులకు విశ్రాంతి అని ఫీడ్ ఆపేస్తే పుండ్లు ఇంకా ఆలస్యంగా మానతాయని, నెమ్మదిగా అయినా పోస్తూనే ఉండాలని ఆమె పట్టుబట్టింది. జ్వరం మాత్రం నాలుగైదు రోజుల్లో దిగడం మొదలైంది. నెల తర్వాత మొదటిసారి దుప్పటి కావాలని అడిగానట.

అసలు చిక్కు రెండో వారంలో వచ్చింది. గాన్‌సైక్లోవిర్ ఎముక మజ్జ మీద దెబ్బ కొడుతుంది. తెల్లకణాలు తగ్గుతాయి, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. నా న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 2,800 నుంచి 900కి వచ్చాయి. గాయాలు తెరిచి ఉన్న మనిషికి బ్యాక్టీరియా నుంచి కాపాడేవి అవే. పుండ్లలోంచి రక్తం పోతున్న మనిషికి ప్లేట్‌లెట్లు తగ్గితే అది ఇంకో ప్రమాదం. మందు ఆపితే వైరస్ లేస్తుంది, ఆపకపోతే గాయాల్లో సూడోమోనాస్ మళ్లీ రావచ్చు. బర్న్స్ సర్జన్ గారికీ, గ్యాస్ట్రో డాక్టర్ గారికీ నా మంచం దగ్గరే వాదన జరిగింది.

"నాకు ఎడమ చెయ్యి గ్రాఫ్ట్ వేయాలి మేడమ్. ఈ కౌంట్స్‌తో నేను థియేటర్‌కి తీసుకెళ్లలేను."

"గ్రాఫ్ట్ పది రోజులు ఆగుతుంది సార్. మళ్లీ బ్లీడ్ అయితే పేగు తీయాల్సి వస్తుంది. ఆ పొట్ట మీద కోత ఎక్కడ పెడతారు?"

ఆయన నా పొట్ట వైపు చూశారు. అతికిన చర్మం అప్పుడప్పుడే పట్టుకుంటోంది. ఇంకేం మాట్లాడలేదు. నేను మాత్రం పేగు తీయడం అనే మాట దగ్గరే ఆగిపోయాను. ఆ మాట అంతకు ముందు నా దగ్గర ఎవరూ అనలేదు.

న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గితే మందు ఆపక తప్పదని, వేరే మందు ఫాస్కార్నెట్ ఉందిగానీ అది మూత్రపిండాలను ఇబ్బంది పెడుతుందని చెప్పారు. తెల్లకణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఎముకలన్నీ సలిపాయి, నడుము ముఖ్యంగా. అక్క నోటుబుక్కులో ఇప్పుడు కొత్త గడి చేరింది, న్యూట్రోఫిల్స్. రోజూ ఉదయం రిపోర్టు వచ్చేదాకా టెన్షన్. 900, 760, 820, 1,400. పద్నాలుగు వందలు చూసి ఆమె పెన్ను మూసి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లి కాసేపటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను అడగలేదు.

రక్తం కనిపించడం ఆగింది ఆ వారమే. మోషన్లు రోజుకు రెండుకు దిగాయి. తొడల మీది కట్లు మొదటిసారి మూడు రోజులు తడవకుండా ఉన్నాయి, తీసి చూస్తే కింద గులాబీ రంగు చర్మం వచ్చేసింది. ఆ తర్వాత ఎడమ చెయ్యి గ్రాఫ్ట్ చేశారు. మోచేతి దగ్గర కొంత ముక్క పట్టలేదు, మిగతాది పట్టింది.

మూడు వారాల ఇంజెక్షన్ల తర్వాత వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలకు మార్చారు. 900 మిల్లీగ్రాములు రెండు పూటలా, భోజనంతో పాటే వేసుకోవాలి, విరవకూడదు, పొడి చేయకూడదు. ఇంటికి వచ్చాక కూడా వారం వారం రక్తపరీక్ష. మాత్రలు ఆపాక మళ్లీ కొలనోస్కోపీ చేశారు. పుండ్లున్న చోట తెల్లటి మచ్చలు మిగిలాయి. మచ్చ బిగిసి పేగు ఇరుకైతే కడుపు ఉబ్బడం, మెలితిప్పే నొప్పి రావచ్చు, వస్తే వెంటనే రమ్మన్నారు. ఇప్పటి వరకు రాలేదు. వైరస్ పోయిందా అని అడిగాను. పోదు, మళ్లీ అణిగింది అన్నారు. రోగనిరోధక శక్తి సరిగ్గా ఉన్నంత కాలం దాని ఊసే ఎత్తనక్కర్లేదట.

ఇంటికి వచ్చాక ఒక గొడవ జరిగింది. హిమోగ్లోబిన్ పెరగాలని ఐరన్ మాత్రలు రాశారు. మూడో రోజు మోషన్ నల్లగా వచ్చింది. నాకు చేతులు వణికాయి. అక్కకు ఫోన్ చేస్తే, "జిగటగా ఉందా? వాసనుందా? గుండె దడగా ఉందా?" అని వరసగా ప్రశ్నలు వేసింది. డాక్టర్ కన్నా బాగా అడిగింది. అయినా ఇద్దరం ఉండబట్టలేక ఎమర్జెన్సీకి పరుగెత్తాం. అక్కడి కుర్ర డాక్టర్ మందుల చీటీ చూసి, ఐరన్ వేసుకుంటే అలాగే వస్తుంది సార్ అన్నాడు. హిమోగ్లోబిన్ చూస్తే 10.6, అంతకు ముందు కన్నా ఎక్కువే. ఐరన్ రాసేటప్పుడే ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే మాకు ఆ సాయంత్రం మిగిలేది. ఇలాంటి చిన్న విషయాలు డాక్టర్లకు ఎంత మామూలో, రక్తం పోగొట్టుకుని వచ్చినవాడికి అంత మామూలు కావు.

ఇప్పుడు నా రోజులు ఎక్కువగా చర్మంతోనే గడుస్తున్నాయి. ఛాతీకి, చేతులకు బిగుతైన ప్రెషర్ గార్మెంట్ రోజుకు 23 గంటలు వేసుకోవాలి, స్నానానికే తీయాలి. దురద రాత్రుళ్లు చంపుతుంది. అతికిన చర్మానికి చెమట పట్టదు, నూనె ఊరదు, అందుకని మాయిశ్చరైజర్ రాస్తూనే ఉండాలి, ఎండ తగలనివ్వకూడదు. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేను. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఇంకాస్త, ఇంకాస్త అంటూ లాగుతుంది. తిండి బాగానే తింటున్నాను, బరువు 66కి వచ్చింది.

మోచేతి బిగుతు వదిలించడానికి ఇంకో ఆపరేషన్ ఉంది. దాని కోసం వెళ్లినప్పుడు మత్తు డాక్టర్ పాత జబ్బులు అడిగాడు. కాలిన గాయాలు అని రాసుకుని పెన్ను మూయబోతుంటే అక్క నోటుబుక్కు తెరిచి టేబుల్ మీద పెట్టింది. ఆయన పది నిమిషాలు చదివాడు. కొన్ని గళ్లు ఫోటో తీసుకున్నాడు. ఆపరేషన్‌కి ముందు కౌంట్స్ మళ్లీ చూద్దామని చీటీ రాసిచ్చాడు. వచ్చే వారం పరీక్షకు రక్తం ఇవ్వాలి.